తర్కాన్ని బొమ్మగా గీసిన చార్లెస్ పర్స్

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏటా మహనీయుల జీవిత విశేషాలు రాయడం ఆనవాయితీ. బాబాసాహెబ్ అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి మన సీనియర్లు ఎంతో చక్కగా రాశారు. ఈసారి మేము మన సంచికలో ఇంతవరకు పేరు రాని ఒక మేధావిని పరిచయం చేయాలనుకున్నాం. ఆయన పేరు చార్లెస్ శాండర్స్ పర్స్. అమెరికా దేశస్థులు. ఇంగ్లీషు అక్షరాలు చూసి చాలామంది పియర్స్ అని చదువుతారు. మేము కూడా మా మొదటి సెమినార్‌లో అలాగే చదివి నవ్వులపాలయ్యాం. ఆ ఇంటివారు పలికేది పర్స్ అనే.

మేము ఈ హాస్టల్లోనే 6వ తరగతి నుండి 10వ తరగతి వరకు చదువుకున్నాం. ఇప్పుడు కంప్యూటర్ సైన్స్‌లో పీజీ చివరి సంవత్సరంలో ఉన్నాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మేమే మొదలు. మనకు తెలిసిన విషయాలను చుక్కలూ గీతలూ ఉన్న గ్రాఫ్ రూపంలో కంప్యూటర్‌లో దాచి, కొన్ని నియమాల సాయంతో వాటి నుండి కొత్త విషయాలను త్వరగా రాబట్టడం మా ప్రాజెక్టు. ఆ పని మీద పుస్తకాలు తిరగేస్తుంటే, దీనికి మూలపురుషుడెవరు అన్న చోట ఈయన పేరే కనిపించింది. వంద ఏళ్ళ క్రితమే పోయిన మనిషికి కంప్యూటర్‌తో ఏం సంబంధం అని ఆశ్చర్యపోయి ఆయన జీవితం చదివాం. చదివాక ఆశ్చర్యంతోపాటు బాధ కూడా కలిగింది. ఆయనకూ మన స్టడీ హాలు గోడ మీద పటంలో ఉన్న బాబాసాహెబ్ గారికీ మధ్య ఒక సన్నని దారం కూడా దొరికింది. ఆ సంగతి కూడా చెబుతాం.

బాల్యం, చదువు

పర్స్ గారు 1839 సెప్టెంబర్ 10న మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జి పట్టణంలో జన్మించారు. తండ్రి బెంజమిన్ పర్స్ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో గణిత, ఖగోళ శాస్త్రాల ఆచార్యులు, ఆ కాలంలో అమెరికాలో పేరుమోసిన గణితవేత్త. కొడుకు తెలివిని పసితనంలోనే గుర్తించి దగ్గర కూర్చోబెట్టుకుని లెక్కలు చేయించేవారు. 12 ఏళ్ళ వయసులో పర్స్ గారికి అన్నగారి గదిలో ఒక తర్కశాస్త్ర పుస్తకం దొరికింది. అది వేట్లీ అనే ఆయన రాసిన పాఠ్యపుస్తకం. కొద్ది రోజుల్లోనే దాన్ని పూర్తి చేశారు. అప్పటి నుండి ఏ శాస్త్రం చదివినా, తర్కం కోసమే చదివినట్టు బతికారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆయన మనలాగా ట్రంకు పెట్టె మోసుకుని హాస్టల్ గేటు ముందు నిలబడిన పిల్లవాడు కాదు. ఇల్లే బడి, తండ్రే గురువు, ఇంటి నిండా పుస్తకాలు. అంతేకాదు, అమెరికా అంతర్యుద్ధానికి ముందు ఆయన తండ్రి బానిసత్వాన్ని సమర్థించిన వర్గంవైపు మొగ్గినవారు. యుద్ధం జరుగుతున్నప్పుడు పేద కుటుంబాల యువకులు సైన్యంలోకి వెళ్ళాల్సి వచ్చింది. పర్స్ గారికి మాత్రం ప్రభుత్వ సర్వే సంస్థలో ఉద్యోగం ఉండడం వల్ల మినహాయింపు దొరికింది. ఎంత గొప్పవారి జీవితమైనా మనం కళ్ళు తెరిచే చదవాలి. మెచ్చుకోవలసింది మెచ్చుకోవాలి, ఒప్పుకోకూడనిది ఒప్పుకోనక్కరలేదు.

1859లో హార్వర్డ్‌లో బి.ఏ., 1863లో అక్కడే రసాయనశాస్త్రంలో బి.ఎస్సీ. అత్యున్నత శ్రేణిలో పూర్తి చేశారు. తీరప్రాంత సర్వే సంస్థలో 1891 చివరి వరకు, దాదాపు 30 ఏళ్ళు పనిచేశారు. లోలకం ఊగే సమయాన్ని కొలిచి, ఆ చోట భూమి ఆకర్షణ ఎంతో లెక్కగట్టడం ఆయన పని. ఇలా చాలా చోట్ల కొలిస్తే భూమి ఆకారం తెలుస్తుంది. లోలకాన్ని వేలాడదీసిన స్టాండు కూడా దానితోపాటు కొద్దిగా ఊగుతుందని, అందువల్ల యూరప్‌లో తీసుకున్న కొలతల్లో తప్పు దొర్లుతున్నదని ఆయన చూపించారు. అందరూ లోలకాన్ని చూస్తుంటే ఆయన స్టాండును చూశారు. ఆయన తీరే అంత. 1877లో అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీకి ఎన్నికయ్యారు.

అయిదేళ్ళ అధ్యాపకత్వం

1879లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో తర్కశాస్త్రం లెక్చరర్‌గా చేరారు. జీవితం మొత్తంలో ఆయనకు దొరికిన అధ్యాపక ఉద్యోగం ఇదొక్కటే. తరగతిలో విద్యార్థులు కొద్దిమందే, కానీ ఒక్కొక్కరూ ఆణిముత్యాలు. వాళ్ళు రాసిన వ్యాసాలను 1883లో ఒక పుస్తకంగా అచ్చు వేయించారు. విద్యార్థుల రాతను తన రాతతో సమానంగా ఒకే పుస్తకంలో నిలిపిన గురువు ఆయన.

ఆ విద్యార్థుల్లో క్రిస్టీన్ లాడ్ అనే ఆమె గురించి మన చెల్లెళ్ళు తప్పక తెలుసుకోవాలి. అప్పట్లో ఆ విశ్వవిద్యాలయంలో ఆడవాళ్ళకు ప్రవేశం లేదు. ప్రత్యేక అనుమతి మీద తరగతులకు హాజరై, 1882 నాటికి పిహెచ్.డి.కి కావలసినదంతా పూర్తి చేశారు. ఆడమనిషి అన్న ఒక్క కారణంతో పట్టా ఇవ్వలేదు. ఆ పట్టా 1926లో, ఆమెకు 78 ఏళ్ళు వచ్చాక ఇచ్చారు. మధ్యలో 44 సంవత్సరాలు! అన్నేళ్ళూ ఆమె తన పరిశోధనను మాత్రం ఆపలేదు.

అదే తరగతిలో జాన్ డ్యూయీ అనే యువకుడు కూడా కూర్చున్నారు. పర్స్ గారి పాఠం మరీ గణితంలా ఉందని అప్పట్లో ఆయనకు రుచించలేదు. ఒక భావం అర్థం తెలియాలంటే అది ఆచరణలో ఏ ఫలితాలనిస్తుందో చూడాలనే ఆలోచనను పర్స్ గారు 1878లో ఒక వ్యాసంలో వివరించారు. ఆ మార్గానికి తర్వాత ప్రాగ్మాటిజం అనే పేరు స్థిరపడింది. డ్యూయీ గారు పెద్దయ్యాక ఆ మార్గంలోనే నడిచి, దానిని విద్యకూ ప్రజాస్వామ్యానికీ అన్వయించారు. 1913లో బాబాసాహెబ్ గారు న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి, 1916 వరకు చదువుకున్నారు. అక్కడ ఆయన ఎంతో గౌరవించిన గురువు ఈ డ్యూయీ గారే. మేము చెప్పిన దారం ఇదే. పర్స్ గారి తరగతి గది నుండి డ్యూయీ గారికి, డ్యూయీ గారి తరగతి గది నుండి బాబాసాహెబ్ గారికి. పాఠం చెప్పేవారికి ఆ పాఠం ఎక్కడిదాకా వెళుతుందో తెలియదు.

1884లో పర్స్ గారి ఉద్యోగం పోయింది. మొదటి భార్య విడిచి వెళ్ళిన తర్వాత, విడాకులు ఇంకా రాకముందే జూలియెట్ అనే ఆమెతో కలిసి ఉన్నారని, 1883లో విడాకులు వచ్చిన కొద్ది రోజులకే ఆమెను పెళ్ళి చేసుకున్నారని యాజమాన్యానికి తెలిసింది. కాంట్రాక్టు పొడిగించలేదు. ఆ తర్వాత ఏ విశ్వవిద్యాలయమూ ఆయనకు శాశ్వతమైన కుర్చీ వేయలేదు. అందులో ఆయన తప్పులూ ఉన్నాయి. కోపం ఎక్కువ, ఖర్చు మీద అదుపు తక్కువ, పెద్దలతో సర్దుకుపోయే గుణం లేదు. దానికి తోడు యవ్వనం నుండీ ముఖంలో నరాల నొప్పి ఆయనను పీడించింది.

మిల్‌ఫర్డ్ ఇల్లు, పేదరికం

1888లో వారసత్వంగా వచ్చిన డబ్బుతో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మిల్‌ఫర్డ్ దగ్గర పొలమూ ఇల్లూ కొన్నారు. ఆ ఇంటికి ఆరిస్బీ అని పేరు పెట్టుకున్నారు. స్తోమతకు మించి ఇంటిని పెంచుతూ పోయారు. 1891 చివర్లో సర్వే ఉద్యోగం కూడా పోయేసరికి రాబడి ఆగిపోయింది. నిఘంటువులకు అర్థాలు రాసి, పత్రికలకు పుస్తక సమీక్షలు రాసి పొట్టపోసుకున్నారు. అప్పులవాళ్ళకు భయపడి కొంతకాలం న్యూయార్క్‌లో తలదాచుకున్నారు. 1902లో, తన తర్కశాస్త్ర కృషి మొత్తాన్ని గ్రంథాలుగా రాస్తాను, సాయం చేయండి అని కార్నెగీ సంస్థకు పెద్ద దరఖాస్తు పెట్టుకున్నారు. అదీ మంజూరు కాలేదు. చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి డబ్బుల్లేవు. కొత్త కాగితం కొనలేక పాత రాతప్రతుల వెనకవైపు రాసుకున్నారు. పాత స్నేహితుడు, ప్రసిద్ధ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ తెలిసినవాళ్ళ దగ్గర ఏటా చందాలు పోగుచేసి పంపకపోతే ఆ దంపతులకు పూట గడిచేది కాదు.

అటువంటి రోజుల్లోనే ఆయన తన కృషి అంతటికీ శిఖరంగా భావించిన పనిని మొదలుపెట్టారు.

కాగితమే లోకం

ఆ పని పేరు అస్తిత్వ గ్రాఫులు. 1896 ప్రాంతంలో మొదలుపెట్టి చివరిదాకా మెరుగుపరుస్తూ వచ్చారు. 1903లో బోస్టన్‌లో ఉపన్యాసాలిచ్చారు, 1906లో ఒక వ్యాసం ప్రచురించారు. తర్కాన్ని అక్షరాలూ గుర్తులతో కాక బొమ్మగా గీయడమే ఇందులోని కిటుకు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పెన్సిలూ తెల్లకాగితమూ తీసుకోండి. కష్టమేమీ లేదు.

ఆ తెల్లకాగితం మనం నిజమని ఒప్పుకునే లోకం. దాని మీద ఏది రాస్తే అది నిజమని చెప్పినట్టు. రెండు మాటలు పక్కపక్కన రాస్తే రెండూ నిజమే. ఒక మాట చుట్టూ సున్నా చుడితే అది నిజం కాదని అర్థం. వాన పడితే చెరువు నిండుతుంది అని చెప్పాలంటే? ఒక పెద్ద సున్నా గీయండి. అందులో వాన అని రాయండి. ఆ పెద్ద సున్నా లోపలే ఒక చిన్న సున్నా గీసి, అందులో చెరువు నిండింది అని రాయండి. అంటే వాన పడి, చెరువు నిండకపోవడం జరగదు అని అర్థం.

ఇప్పుడు నియమాలు. బయట ఉన్న మాట లోపలి సున్నాలోనూ మళ్ళీ కనిపిస్తే, లోపలిది తుడిచేయవచ్చు. మధ్యలో ఏమీ లేకుండా ఒకదానిలో ఒకటి ఉన్న రెండు సున్నాలను కలిపి తీసేయవచ్చు. సరే, ఈరోజు వాన పడింది. కాగితం మీద సున్నాల బయట వాన అని రాయండి. పెద్ద సున్నాలోని వానను మొదటి నియమంతో తుడవండి. ఇక జంట సున్నాల మధ్య ఏమీ మిగలలేదు, రెండో నియమంతో వాటినీ తీసేయండి. ఏం మిగిలింది? వాన, చెరువు నిండింది. రెండే రెండు తుడుపులతో నిర్ధారణ వచ్చేసింది. ఇలాంటి నియమాలు మొత్తం 5 మాత్రమే. మిగిలిన మూడు ఏమిటంటే, ఉన్న మాటను అక్కడే గానీ మరింత లోపలి సున్నాలో గానీ మళ్ళీ రాయడం, చుట్టూ సరిసంఖ్యలో సున్నాలున్న చోట ఉన్నదాన్ని తుడవడం, బేసిసంఖ్యలో ఉన్న చోట కొత్తది చేర్చడం.

మాటలను కలుపుతూ లావు గీత గీస్తే, ఆ గుణాలన్నీ ఉన్న ఎవరో ఒకరు ఉన్నారని అర్థం. ఈ చిన్న గీతతో ఆయన బొమ్మలకు అపారమైన శక్తి వచ్చింది. నేటి తర్కశాస్త్రంలో విద్యార్థులు గుర్తులతో చేసే పనిలో ప్రధాన భాగమంతా ఈ బొమ్మలతో చేయవచ్చని 1960ల నుండి పరిశోధకులు నిరూపించారు.

ఇంకో విశేషం. విద్యుత్ స్విచ్చులను వరుసగానూ పక్కపక్కనా కలిపి తర్కం చేయించవచ్చని 1886లోనే తన పాత విద్యార్థి మార్క్వాండ్‌కు ఉత్తరంలో గీసి చూపించారు. క్లాడ్ షానన్ ఇదే ఆలోచనతో కంప్యూటర్ల నిర్మాణానికి దారి వేసింది 1930ల చివర్లో.

ఆ బొమ్మలే మా ప్రాజెక్టు

1976లో ఐబీఎం కంపెనీలో పనిచేస్తున్న జాన్ సోవా పర్స్ గారి బొమ్మల స్ఫూర్తితో కంప్యూటర్ కోసం భావ గ్రాఫులు తయారుచేశారు. 1984లో పుస్తకం రాశారు. తర్వాత ఫ్రాన్స్‌లోని మాంట్‌పెలియర్‌లో షీన్, ముజ్నియే అనే శాస్త్రవేత్తలు, వారి సహచరులు దానికి గట్టి గణిత పునాది వేశారు. ఇందులో అసలు సమస్య వేగం. అదెలాగో మన హాస్టల్ లెక్కలోనే చెబుతాం.

100 మంది విద్యార్థులు ఉన్నారనుకోండి. ఒక్కొక్కరికి ఒక్కొక్క చుక్క. ఎవరు ఎవరికి లెక్కలు చెప్పారో బాణం గీతలతో గీయండి. ఇప్పుడు ప్రశ్న: ఒకరు మరొకరికి చెబితే, ఆ రెండోవారు మూడోవారికి చెప్పిన సందర్భం ఉందా? ప్రశ్న కూడా 3 చుక్కల చిన్న బొమ్మే. చిన్న బొమ్మను పెద్ద బొమ్మలో ఎక్కడైనా అతికించగలమా అని చూడాలి. గుడ్డిగా ప్రయత్నిస్తే 100ను మూడుసార్లు హెచ్చించినన్ని, అంటే 10 లక్షల ప్రయత్నాలు. చుక్కలు పెరిగేకొద్దీ ఇది కొండలా పెరుగుతుంది. తెలివిగా చేస్తే? మొదట ఎవరికో ఒకరికి చెప్పిన వాళ్ళందరికీ టిక్కు పెట్టండి. తర్వాత, టిక్కు ఉన్నవాళ్ళకు చెప్పినవాళ్ళు ఎవరైనా ఉన్నారా చూడండి. బాణాల మీదుగా రెండుసార్లు నడిస్తే చాలు. ప్రశ్న బొమ్మ చెట్టులా కొమ్మలు చాస్తూ ఉంటే ఈ ఉపాయం ఎప్పుడూ పనిచేస్తుంది. గొలుసు తిరిగి మొదటికి వచ్చి చుట్టుకుంటూ, అలాంటి చుట్లు ఎక్కువయ్యేకొద్దీ పని కష్టమవుతుంది.

నియమాలతోనూ ఇదే చిక్కు. కొత్త విషయం ఒకటి తెలిసినప్పుడల్లా నియమాలన్నింటినీ మొదటి నుండి పరీక్షిస్తే కాలం వృథా. మెస్ డ్యూటీ ఉన్న నలుగురిని లేపడానికి గంట కొట్టి హాస్టల్ అంతటినీ లేపినట్టు. అందుకని ఏ నియమం ఫలితం ఏ నియమాన్ని లేపగలదో ముందే ఒక బొమ్మ గీసి పెట్టుకుంటారు. ఇంకా పెద్ద ప్రమాదం ఒకటుంది. ప్రతి మనిషికీ తల్లి ఉంటుంది అని నియమం రాశామనుకోండి. తల్లి కూడా మనిషే, ఆమెకూ తల్లి ఉండాలి, ఆమెకూ ఉండాలి. కంప్యూటర్ ఆగకుండా అవ్వల అవ్వలను పుట్టిస్తూనే ఉంటుంది! ఎవరో ఒకరు ఉన్నారని చెప్పే పర్స్ గారి లావు గీతలో ఎంత బలం ఉందో అంత ప్రమాదమూ ఉంది. ఏ నియమాలకు ఈ పని ఆగుతుందో, ఏ నియమాలకు ఆగదో తేల్చడం మా రంగంలో ముఖ్యమైన పరిశోధన.

లక్ష పుటలు

1914 ఏప్రిల్ 19న పర్స్ గారు ఆ మిల్‌ఫర్డ్ ఇంట్లోనే క్యాన్సర్‌తో కన్నుమూశారు. అక్కడికి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, న్యూయార్క్‌లో, 23 ఏళ్ళ బాబాసాహెబ్ గారు ఆ రోజుల్లోనే లైబ్రరీలో కూర్చుని చదువుకుంటున్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. మా వయసు కూడా ఇప్పుడు 23. ఆ తేదీలు లెక్కవేసుకున్న రాత్రి మాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

పర్స్ గారి గదిలో మిగిలింది దాదాపు లక్ష పుటల రాతప్రతులు. అచ్చుకానివే ఎక్కువ. జూలియెట్ గారు వాటిని పారేయలేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి అప్పగించారు. 1931 నుండి 1935 వరకు 6 సంపుటాలు, 1958లో మరో 2 వెలువడ్డాయి. ఆ కాగితాలు పొయ్యిలోకి పోయి ఉంటే జాన్ సోవాకు ఆ బొమ్మలు దొరికేవి కావు. మాకు ప్రాజెక్టూ ఉండేది కాదు.

ఇక మా తప్పు ఒకటి చెప్పి ముగిస్తాం. 10వ తరగతి పరీక్షలైన మర్నాడు మేము మా లెక్కల నోట్సులన్నీ కాటాకు వేసి అమ్మేశాం. వచ్చిన డబ్బులతో అందరం మిర్చి బజ్జీలు తిన్నాం. జూన్‌లో ఒక తమ్ముడు వచ్చి, అన్నా, నీ నోట్సులున్నాయా అని అడిగాడు. లేవన్నాం. వాడు ఆ ఏడు లెక్కల్లో తప్పి సప్లిమెంటరీ రాశాడు. మా నోట్సులుంటే పాసయ్యేవాడో కాదో తెలియదు గానీ, వాడి ముఖం మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

మన ఇళ్ళలో తాతముత్తాతలు రాసిన కాగితం ఒక్కటీ లేదు. వాళ్ళను రాయనివ్వలేదు. రాసే అవకాశం వచ్చిన మొదటి తరం మనం. అలాంటి మనమే రాసింది కిలోల లెక్కన అమ్ముకుంటే ఎలా? స్టడీ హాలులో కిటికీ పక్కన ఇనుప బీరువా ఖాళీగా ఉంది. వార్డెన్ గారిని అడిగాం, కింది రెండు అరలు వాడుకోమన్నారు. మా డిగ్రీ, పీజీ నోట్సులు ఈ వార్షికోత్సవం రోజున అందులో పెడుతున్నాం. మీరూ మీవి పెట్టండి. పూర్వ విద్యార్థులు కూడా ఇంట్లో అటక మీద ఏమైనా మిగిలి ఉంటే తెచ్చి ఇవ్వండి. పేరు, తరగతి, సంవత్సరం అట్ట మీద రాయండి. తప్పులున్నా పరవాలేదు, కొట్టివేతలున్నా పరవాలేదు. ఎవరికి ఏది ఎప్పుడు పనికొస్తుందో మనకు తెలియదు.